అయిదు నల్లచుక్కల ఆట

జర్మనీ దేశంలో గెల్సెన్‌కిర్షెన్ అని బొగ్గుగనులకు పేరుపడిన పట్టణం ఒకటి వున్నది. ఆ వూరివాళ్లకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయినా 2002 మొదలు చాలా యేళ్లపాటు, డిసెంబరు నెలాఖరులో, ఆ ఫుట్‌బాల్ స్టేడియంలోనే మంచు తెచ్చి పరిచి ఒక పందెం నడిపించారు. వేలకొద్దీ జనం టిక్కెట్లు కొనుక్కొని వచ్చి కూర్చునేవారు. తుపాకి పేలిన ప్రతిసారీ, గుండు తగిలితే అందరూ ఒక్క గొంతుతో అరవడం, తప్పితే అందరూ ఒక్కసారిగా నిట్టూర్చడం! ఆ ఆట పేరు బయాత్లాన్.

మంచు లేని చోటికి మంచు మోసుకువచ్చి మరీ చూసే జనం ఒక దేశంలో వుంటే, అదే ఆట పేరెత్తితే "అంటే యేమిటండీ?" అని అడిగే జనం ఎన్నో దేశాలలో వున్నారు. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఎక్కడో మంచుదేశపు సంగతి తనకల్లులో కూర్చున్న లెక్కల మాస్టారికి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కారణం వున్నది. మెల్లగా చెబుతాను.

ముందు ఆట సంగతి. స్కీలు అనే సన్నని పొడుగాటి పట్టీలు రెండు కాళ్లకు తగిలించుకొని, చేతికొక కర్ర పట్టుకొని, వీపున తుపాకి వేసుకొని, మంచు మీద కిలోమీటర్ల కొద్దీ జారుతూ పోవాలి. మిట్టలు ఎక్కాలి, పల్లాలు దిగాలి. వీపున వుండే ఆ తుపాకి మూడున్నర కిలోలకు తగ్గడానికి వీల్లేదు. నడుమ నడుమ గురి కొట్టే స్థలం వస్తుంది. అక్కడ ఆగి, 50 మీటర్ల దూరాన వరసగా వున్న అయిదు నల్లచుక్కలను కొట్టాలి. ఒకసారి బోర్లా పడుకొని, మరొకసారి నిలబడి. పడుకొని కొట్టే చుక్క అడ్డకొలత 4.5 సెంటీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కొట్టేది 11.5 సెంటీమీటర్లు. తగిలితే నల్లచుక్క తెల్లబడుతుంది. తప్పితే చాలా పందేలలో తప్పుకొక్కటి చొప్పున 150 మీటర్ల చుట్టు అదనంగా తిరిగిరావాలి. పాతకాలం నుంచీ వస్తున్న 20 కిలోమీటర్ల పందెంలోనైతే తప్పుకు ఒక నిమిషం కలుపుతారు.

వినడానికి సులువుగానే వుంటుంది. శెనక్కాయ మూట భుజాన వేసుకొని, కదిలిపోతున్న బస్సు వెంట అరమైలు పరుగెత్తి, ఎక్కీ ఎక్కగానే రొప్పుతూ సూదిలో దారం ఎక్కించి చూడండి. కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. బలం చాలదు, నిదానం చాలదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే నిమిషంలో కావాలి.

ఇక ప్రశ్నకు వద్దాం. "మంచు వున్నచోట ఆడతారు, లేనిచోట ఆడరు, ఇందులో వింతేముంది?" అని మా హైస్కూలులో ఒక ఉపాధ్యాయమిత్రుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ జవాబు నాకు సరిపోలేదు. అమెరికానే చూడండి. అక్కడ మంచుకు కొదవా? తుపాకులకు కొదవా? ఒలింపిక్ ఆటలలో మొట్టమొదటి బయాత్లాన్ పందెం జరిగిందే అమెరికాలో, 1960లో, కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీలో. అప్పుడు 20 గుండ్లకు 20 గుండ్లూ తగిలించి స్వీడన్ దేశస్థుడు క్లాస్ లెస్టాండర్ గెలిచాడు. ఆ తర్వాత 2022 బీజింగ్ దాకా, అరవై యేళ్లకు పైగా, అమెరికాకు బయాత్లాన్‌లో ఒక్క ఒలింపిక్ పతకమూ రాలేదు. తమాషా యేమిటంటే, అక్కడి కాలేజీల జాతీయ పోటీలలో స్కీ పందేలు వున్నాయి, తుపాకి గురి పందేలూ వున్నాయి. రెండూ కలిసిన ఈ ఆట మాత్రం లేదు. పాలూ వున్నాయి, తోడూ వుంది, తోడు పెట్టేవాళ్లే లేరన్నమాట.

మన దేశం మాత్రం? కాశ్మీరంలో, హిమాచలంలో, లడాఖులో మంచు లేకనా? స్కీలు గుల్‌మార్గ్‌కు ఇంగ్లీషు దొరల వినోదంగా వచ్చాయి. 1948లో అక్కడ సైన్యం తన స్కీ శిక్షణ కేంద్రాన్ని పెట్టింది. అంటే మన దగ్గర స్కీ దొరల సరదాగా కొంత, సిపాయి విద్యగా కొంత వచ్చిందే తప్ప, ఇంటింటి గడపలోనుంచి బయలుదేరలేదు.

నార్వేలో గడపలోనుంచే బయలుదేరింది. అక్కడ చలికాలం పొడుగునా మంచు మోకాలి లోతు వుంటే, పక్కయింటికి పోవాలన్నా, కట్టెలు తేవాలన్నా, వేటకు పోవాలన్నా స్కీలే. అవి వాళ్లకు చెప్పుల వంటివి. నార్వే, స్వీడన్ సరిహద్దులలో కాపలా సిపాయిలు స్కీ మీద పోతూ తుపాకి గురి పందేలు పెట్టుకొన్నట్లు 1767 నాటి దాఖలా వున్నది. 1861లో ట్రిసిల్ అనే చోట స్కీకీ తుపాకికీ కలిపి ఒక సంఘమే పెట్టుకొన్నారు. 1924లో ఫ్రాన్సులోని షామొనీలో తొలి చలికాలపు ఒలింపిక్ ఆటలు జరిగినప్పుడు 'సైనిక గస్తీ' అనే పేరుతో ఈ ఆటకు తాతగారి వంటి పందెం నడిచింది. ఒక పని వందల యేళ్లు చేయగా చేయగా, ఆ పనిలో ఎవడు మొనగాడని తేల్చుకోవడానికి పెట్టుకొన్నదే ఆ ఆట.

ఈ మాట మనకు కొత్త కాదు. ఈ సీమలో జాతర వచ్చిందంటే బండలాగుడు పోటీలు వుండాలి. జత ఎద్దులు, పెద్ద రాతిబండ, నిర్ణయించిన సమయం. ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఏ మాస్టారూ దానిని పాఠంగా చెప్పలేదు. ఎద్దు వున్నది, రాయి వున్నది, సేద్యం వున్నది, అందుచేత ఆటా వున్నది. ఆస్లో నగరంవాడు ఆ జనాన్ని చూస్తే, "రాయి లాగడం చూడటానికి ఇంతమందా!" అని నోరు తెరుస్తాడు. మనం వాళ్ల ఆటను చూసి తెరిచినట్లే.

అయితే పుట్టుక ఒక్కటే చాలదు. ఫ్రాన్సులో ఈ ఆట నార్వేలో లాగా ఇంటింటా పుట్టింది కాదు. అక్కడ మార్టిన్ ఫూర్కాద్ అనే యువకుడు 2014లో సోచిలో రెండు స్వర్ణపతకాలు, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో మూడు గెలిచాడు. పైసా కట్టనక్కరలేని టెలివిజన్ ఛానెల్లో పందేలు ఇంట్లోకి వచ్చాయి. పిల్లలు చూశారు, తల్లిదండ్రులు చూశారు, అభిమానం పెరిగింది. జర్మనీలోనూ, జనం కట్టే రుసుముతో నడిచే పెద్ద టెలివిజన్ సంస్థలు చలికాలపు శని ఆదివారాలు గంటల తరబడి ఈ పందేలు చూపిస్తాయి. బయట చలి, లోపల వేడి కాఫీ, ఎదురుగా ఒకప్పుడు మాగ్దలేనా నాయినర్. ఈమె 2010లో వాంకూవర్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన పిల్ల. మంచు మీద గాలిలా పోయేది. నిలబడి గురి కొట్టేటప్పుడు మాత్రం చెయ్యి వణికి చుక్కలు తప్పేది. తీరిక వేళల్లో వూలు అల్లుకొనేది. ఎప్పుడూ తప్పనివాళ్లను జనం మెచ్చుకొంటారు గాని, తప్పి మళ్లీ అందుకొనే పిల్లను ఇంటిపిల్లగా చూసుకొంటారు.

టెలివిజన్‌కు ఈ ఆట అచ్చివచ్చిందంటే దానికీ కారణం వున్నది. ముందున్నవాడు చివరిదాకా ముందే వుంటాడన్న నమ్మకం లేదు. ఒక్క అర నిమిషంలో రెండు చుక్కలు తప్పితే మొదటివాడు ఏడోవాడవుతాడు. చూసేవాళ్లకు శాస్త్రం తెలియనక్కరలేదు. అయిదు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు.

మరి మనవైపు? మాది సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూయిటూ వాన పడే నేల. ఆ కొంచెమూ సమయానికి పడితే శెనక్కాయ, పడకపోతే బెంగుళూరు బస్సు. మంచు అనేది మేము చూసేది అంగళ్లలో ఐసుపెట్టె మూత తీసినప్పుడే. అయితే బయాత్లాన్ ఆటగాళ్లు ఎండాకాలంలో చక్రాల స్కీలు వేసుకొని తారురోడ్డు మీదనే సాధన చేస్తారు. రోడ్డు మాకూ వున్నది. కదిరి నుంచి మదనపల్లెకు పోయే జాతీయ రహదారి మా వూరి మీదుగానే పోతుంది. లేనిది తుపాకి. ఈ ఆటకు వాడే .22 తుపాకికి మన దేశంలో లైసెన్సు కావాలి. పదిహేనేళ్ల పిల్లవాడి చేతికి అది రావాలంటే వెనుక ఒక సంఘమో, సైన్యమో వుండాలి.

మంచు లేదు, తుపాకి లేదు, కనుక ఆశే లేదని కొట్టిపారేద్దామంటే మా అనంతపురమే అడ్డు వస్తుంది. 1969లో స్పెయిన్ దేశంనుంచి విన్సెంట్ ఫెర్రర్ అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన పెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు బావులు, బళ్లు, ఆసుపత్రులతో ఆగలేదు. ఆటస్థలాలు కూడా పెట్టింది. ఆయన 2009లో పోయారు. ఆ మరుసటి యేడు, 2010లో, టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ స్వయంగా వచ్చి అక్కడ పల్లె పిల్లలకోసం టెన్నిస్ బడి ప్రారంభించాడు. రాకెట్ అంటే దీపావళి రాకెట్ అనుకొనే యిళ్ల పిల్లలు టెన్నిస్ ఆడారు, ఇంగ్లీషూ నేర్చుకొన్నారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పందేలు ఆ ట్రస్టు మైదానంలోనే జరిగాయి. ఆ నేలలో టెన్నిస్ పుట్టలేదు. ఎవరో తెచ్చి నాటారు, నీళ్లు పోశారు.

కాని మా వూరినుంచి అనంతపురం నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆ టెన్నిస్ మా తనకల్లు దాకా రాలేదు. దేశాల మధ్య తేడా గురించి మాట్లాడుకొంటాం గాని, ఆట ఎంతదూరం పోతుందన్నది చాలావరకు బస్సు ఛార్జీ తేలుస్తుంది. సాయంకాలం ఆడి, రాత్రికి అన్నం వేళకు ఇల్లు చేరగలిగిన దూరంలో వున్నదే పిల్లవాడికి తన ఆట. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము శ్రీ సత్యసాయి జిల్లాలో పడ్డాము. పేరు మారింది గాని దూరం తగ్గలేదు.)

ఇక నా కారణం చెబుతాను. మా అక్క కొడుకు సైన్యంలో వున్నాడు. కరువుసీమ బిడ్డను తీసుకుపోయి మంచుకొండల మీద వేశారు. వాడు మొదటి యేడు నిలబడటం నేర్చుకొన్నాడు, రెండో యేడు జారడం నేర్చుకొన్నాడు, మూడో యేడు తన పటాలం తరపున ఈ ఆటలో దిగాడు. మొన్న దసరాకు సెలవు మీద వచ్చినప్పుడు ఒక చిక్కు వెంట తెచ్చాడు. ఇంకొక చలికాలం జట్టులోనే వుంటాడా, లేక త్వరగా ప్రమోషన్ తెచ్చే కోర్సుకు పోతాడా? పదో తేదీలోగా పై అధికారికి చెప్పాలి. రెండూ ఒకేసారి కుదరవు.

అదే సమయానికి కదిరి వైపునుంచి ఒక పిల్ల సంబంధం వచ్చి వున్నది. వాళ్లు, "అబ్బాయి ఆటగాడంట గదా, క్రికెట్టా?" అని అడిగారు. కాదు అన్నాం. "కబడ్డీనా?" కాదు అన్నాం. మూడోది అడగడానికి వాళ్లకు ఆట దొరకలేదు. చెప్పడానికి మాకు మాట దొరకలేదు.

వాళ్లు పోయిన తర్వాత మా అక్క, "ఒరే తమ్ముడా, సదువుకున్నోనివి, నువ్వన్నా చెప్పు వానికి. ఎవురికీ తెలియని ఆటలో గెలిస్తే, ఎవురికి గెలిచినట్లురా?" అన్నది. పైన నేను రాసిందంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదువుకొన్నదే. జవాబు దొరికిందా అంటే, పుస్తకాలలో దొరికింది గాని అక్కకు చెప్పేటట్లుగా దొరకలేదు.

ఆ రాత్రి వాడే తన సెల్‌ఫోను తీసి తల్లి పక్కన కూర్చున్నాడు. అక్క శెనక్కాయలు వొలుస్తున్నది; మొదట తల ఎత్తలేదు. "అమ్మా, ఆ అయిదు నల్లచుక్కలు చూడు. తెల్లగయితే తగిలినట్లు, అంతే" అన్నాడు. ఎవరో నార్వే అమ్మాయి పరుగున వచ్చి నిలబడింది. ఒకటి తెల్లబడింది. రెండు. మూడు. అక్క చేతులు ఆగిపోయినాయి. నాలుగు. అయిదోది నల్లగానే వుండిపోయింది.

"అయ్యో! ఇప్పుడేమయితుంది?"

"ఒక చుట్టు ఎక్కువ తిరగాలమ్మా."

"పాపం, ఎవురి బిడ్డో!" అని, కాసేపటికి, "నువ్వు ఎన్ని కొడతావురా?" అని అడిగింది.

"పోయిన పందెంలో ఇరవైకి పదహారు."

"తక్కిన నాలుగూ యాడికి పోయినాయి?"

వాడు నవ్వి, గాలి ఎట్లా తిరుగుతుందో, గురిస్థలంలో కట్టిన చిన్న జెండాలను చూసి దాన్ని ఎట్లా కనిపెట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకొక పందెం పెట్టమన్నది. పది గంటలు దాటినా ఇద్దరూ లేవలేదు.

ఇంకొక్క చలికాలం జట్టులోనే వుంటానని వాడు పదో తేదీకి ముందే ఫోను చేసి చెప్పాడు. అక్క వద్దనలేదు. కదిరివారికి ఏమని చెప్పమంటావని నేను అడిగితే, చేటలో శెనక్కాయలు చెరుగుతూ, "మంచాట ఆడతాడని చెప్పు. అర్థం గాకపోతే ఒకతూరి ఇంటికి రమ్మను, ఆ చుక్కల సంగతి నేను చెబుతా" అన్నది.