ఆఫర్ లెటర్‌లో 50 లక్షలు, నెలకు చేతికొచ్చేది ఎంత?

క్యాంపస్ సెలక్షన్ల కాలం వచ్చిందంటే చాలు, నా వాట్సాప్‌కు ఆఫర్ లెటర్లు రావడం మొదలవుతుంది. పంపేది మన సహోద్యోగులే. "మా అమ్మాయికి పెద్ద కంపెనీలో వచ్చింది సార్, 50 లక్షలట, ఒకసారి చూసి చెప్పండి" అంటారు. హైదరాబాద్‌లో గృహరుణాల విభాగంలో పదకొండేళ్లుగా ఇలాంటి కంపెనీల జీతం కాగితాలే చదువుతున్నాను కాబట్టి నన్ను అడుగుతారు. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. తర్వాత గూగుల్, అమెజాన్ వచ్చాయి. ఇప్పుడు మన సిబ్బంది ఇళ్లలో ఎవరో ఒకరు అటువైపు వెళ్తూనే ఉన్నారు. అందుకే నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందుగా ఆ 50 లక్షల సంగతి. ఊహకు ఒక లెటర్ తీసుకుందాం. స్థిర జీతం 20 లక్షలు. జాయినింగ్ బోనస్ 5 లక్షలు, అది ఒక్కసారే. ఏడాది తిరగకుండా మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు తరచుగా ఉంటుంది. పనితీరు బోనస్ 2 లక్షలు, వస్తే వస్తుంది. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కలిపి 2 లక్షలు. మిగిలిన 21 లక్షలు కంపెనీ షేర్లు. అవి కూడా ఏడాదికి కాదు, నాలుగేళ్లకు కలిపి. ఇప్పుడు లెక్క వేయండి. కొత్త పన్ను విధానంలో పన్ను, పీఎఫ్ పోను ఆ అమ్మాయికి నెలకు చేతికొచ్చేది సుమారు లక్షా నలభై వేలు. మంచి జీతమే, అందులో అనుమానం లేదు. కానీ 50 లక్షలను పన్నెండుతో భాగించి ఫ్లాట్ చూడటానికి వెళ్లే తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

షేర్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లాభమైనా చిక్కయినా ఎక్కువగా అక్కడే ఉంది. వీటిని ఆర్‌ఎస్‌యూలు అంటారు. చేరిన రోజే అన్నీ చేతికి రావు, విడతలవారీగా మన పేరుకు వస్తాయి. దాన్ని వెస్టింగ్ అంటారు. కొన్ని కంపెనీలు ఏడాదికి 25 శాతం చొప్పున ఇస్తాయి. అమెజాన్ పద్ధతి వేరు. అక్కడ మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, ఆ తర్వాతే పెద్ద భాగం అన్న విధానం చాలాకాలం నడిచింది. మధ్యలో మానేస్తే, లేదా వాళ్లే పంపేస్తే, రావలసిన మిగతా షేర్లు సాధారణంగా పోయినట్లే.

షేర్లు మన పేరుకు వచ్చిన రోజు మార్కెట్ విలువ ఎంతో అంతా ఆ ఏడాది జీతంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 31.2 శాతం పన్ను. కంపెనీ సాధారణంగా వందలో ముప్పైకి పైగా షేర్లను పన్ను కోసమే అమ్మేసి, మిగిలినవి ఖాతాలో వేస్తుంది. ఆ తర్వాత ధర పడిపోయినా, కట్టిన పన్ను తిరిగి రాదు. మెటా షేరు 2022 మొదట్లో 330 డాలర్ల పైన ఉండి, ఆ నవంబరులో 90 డాలర్ల దగ్గరకు దిగింది. 2023 చివరికి మళ్లీ 350 దాటింది. ఓపిక పట్టినవాళ్లు బాగుపడ్డారు. ఆ నవంబరులోనే ఈఎంఐ కోసం అమ్ముకోవలసి వచ్చినవాళ్ల సంగతి వేరు.

ఉద్యోగ భద్రత గురించి మన ఇళ్లలో ఎక్కువ భయం, కొంత న్యాయమైనదే. 2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తామని ప్రకటించాయి. మనకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే వారం రోజులు తిట్టుకుంటాం. అక్కడ ఒక మెయిల్ వస్తుంది, సాయంత్రానికి లాప్‌టాప్ తెరుచుకోదు. అప్పట్లో నా దగ్గర రుణం తీసుకున్న ఒక దంపతులలో భర్త ఉద్యోగం అలాగే పోయింది. కంపెనీ కొన్ని నెలల జీతం ఇచ్చింది, ఆయనకు ఐదు నెలల్లో ఇంకోచోట దొరికింది. వాయిదా ఒక్కటీ తప్పలేదు. కారణం, భార్య జీతంతోనే కట్టగలిగినంత రుణమే తీసుకున్నారు. అమెరికాలో హెచ్‌-1బీ వీసాపై ఉన్నవాళ్లకు ఇది ఇంకా గట్టి దెబ్బ. ఉద్యోగం పోయిన తర్వాత సాధారణంగా 60 రోజులే గడువు, ఆలోగా ఇంకో యజమాని దొరకాలి, లేదా వేరే హోదాకు మారాలి, కాకుంటే దేశం విడవాలి.

అలాగని వద్దని నేను ఎవరికీ చెప్పలేదు. మా మేనల్లుడు అలాంటి కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. కోట్ల మంది వాడే సాఫ్ట్‌వేర్‌ను పాడవకుండా నడపడం ఎలాగో అక్కడే నేర్చుకున్నానంటాడు. రాసిన ప్రతి మార్పునూ ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. మన మేకర్, చెకర్ లాంటిదే అన్నమాట! ఆ పేరు బయోడేటాలో ఉంటే తర్వాతి ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు సులువు. తల్లిదండ్రులకూ ఆరోగ్య బీమా ఇచ్చారు. రిటైరైన మనవాళ్లు ప్రీమియం నోటీసు చూసి నిట్టూర్చేది గుర్తొచ్చి, అది మాత్రం నాకు అసూయే.

వాడి ఫిర్యాదులూ ఉన్నాయి. కొన్ని వారాలకొకసారి ఆన్‌-కాల్ డ్యూటీ, అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చోవాలి. అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రి తొమ్మిదిన్నరకు. ఏడాదిపాటు చేసిన పనిని పైవాళ్లు ఒక్క నిర్ణయంతో ఆపేస్తే, పనితీరు సమీక్షలో చూపించడానికి ఏమీ మిగలదు. మా అక్కకు ఇవేవీ తెలియవు, వాడు చెప్పడు. పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు జీతం ఎంత పెరిగిందని కాకుండా, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని ఒకసారి అడిగి చూడండి.

నన్ను అడిగినవాళ్లకు చెప్పేది ఇదే. ఈఎంఐని స్థిర జీతం మీదే లెక్కేసుకోండి, షేర్ల మీద వద్దు. ఆరు నెలల ఖర్చు డిపాజిట్‌లో ఉంచండి. వచ్చిన షేర్లలో కొంత ఎప్పటికప్పుడు అమ్మి వేరేచోట పెట్టండి, జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడకూడదు. ఇక చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. అమెరికా కంపెనీ షేర్లు విదేశీ ఆస్తి. ఇక్కడ నివాసిగా రిటర్ను వేసేవారు అమ్మినా అమ్మకపోయినా వాటిని షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షల లోపు ఉంటే ఈ జరిమానా లేదని 2024 అక్టోబరు నుంచి సడలించారు గానీ, చూపవలసిన బాధ్యత అలాగే ఉంది. ఆ షెడ్యూలుకు లెక్క మన మార్చి నెలాఖరు కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. కాబట్టి డిసెంబరు 31 నాటి బ్రోకరేజి స్టేట్‌మెంట్‌ను డౌన్‌లోడ్ చేసి దాచుకోమని పిల్లలకు ఇప్పుడే చెప్పండి.