పరుల సరకుపై మన మార్కు

గానుగవానివద్ద నూనె కొని, డబ్బాలకు తన మార్కు నంటించి విక్రయించు వర్తకుని మనమందఱ మెఱుగుదుము. లెక్కలు వ్రాయు కంప్యూటరు సాఫ్టువేరును గూడ నిట్లే విక్రయింతురు. ఒకరు తయారుచేయుదురు; వేఱొకరు తమ పేరు పెట్టుకొందురు. ఇందు దోషము లేదు. కాని నూనె కొన్నవాడు దానికి యజమాను డగును. సాఫ్టువేరు విషయమున మార్కు మనదైనను, ఒడంబడికలో వ్రాసిన హక్కు మాత్రమే మనది.

దీనికి అమెరికా దేశమున నొక నిదర్శనము కలదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. కంపెనీ తన చిన్న కంప్యూటరును వెలువరించి, దానిని నడుపు సాఫ్టువేరును పి.సి. డాస్ అను పేరుతో విక్రయించెను. దానిని సమకూర్చినది మైక్రోసాఫ్టు. మైక్రోసాఫ్టు సైతము దాని మూలమును సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అను చిన్న కంపెనీవద్ద కొన్నదియే. ఆ యేటి జూలైలో 50,000 డాలర్లిచ్చి యాజమాన్యము పొందెను. పేరు ఐ.బి.ఎం.కు దక్కెను, ఇతరులకు విక్రయించు హక్కును మైక్రోసాఫ్టు తనయొద్దనే యుంచుకొనెను. పిమ్మట జెనిత్ కంపెనీ అదే సరకును తీసికొని జెడ్-డాస్ అని పేరు పెట్టెను. పేర్లు పెరిగినకొలది హక్కుదారునకే గిరాకి పెరిగెను.

కావున సంఘము పేరున నిట్టి సాఫ్టువేరును విక్రయింపదలచినవారు సంతకమునకు ముందే యీ సంగతులను కాగితముపై తేల్చుకొనవలెను. తయారుదారు అదే సరకును మన పొరుగువారికి ఈయవచ్చునా? తప్పు కనబడినచో దిద్దువా రెవరు? అతడు వ్యాపారము మూసినచో మూలప్రతి మనకు చేరునా? గడువు తీఱిన పిమ్మట సభ్యుల లెక్క లెవరివద్ద నుండును?

బాకీలెక్క తప్పినచో రైతు తయారుదారు నెఱుగడు. మార్కులో పేరు గల మనలనే యడుగును.