సర్జరీకి లక్షలు కావాలి.. ఎవరిస్తారు? జెండర్ మార్పిడి ఖర్చుకు ఉన్న దారులు ఇవే

నరసన్నపేట: 2022 ఫిబ్రవరి. నెల్లూరులో ఓ ప్రైవేటు లాడ్జి గది. ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు అక్కడే ఒకరికి లింగమార్పిడి ఆపరేషన్ చేశారు. రక్తస్రావమై ఆ వ్యక్తి ప్రాణం పోయింది. పోలీసులు ఇద్దర్నీ అరెస్ట్ చేశారు. వార్త రెండు రోజులు నడిచింది, తర్వాత అందరం మర్చిపోయాం.

ఆసుపత్రులు ఉండగా లాడ్జికి ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? తక్కువ డబ్బుతో అయిపోతుందన్న ఆశే అక్కడిదాకా తీసుకెళ్లిందని అప్పటి కథనాలు చెప్పాయి. అంటే ఇది డాక్టర్ల సమస్య కంటే ముందు డబ్బు సమస్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ ఖర్చు గురించి వెతికే వాళ్లకు అసలు ఏమేం దారులున్నాయో చూద్దాం.

ఖర్చు ఒక్క ఆపరేషన్‌దే కాదు

చాలామంది సర్జరీ బిల్లు ఒక్కటే లెక్కేసుకుంటారు. నిజానికి ఖర్చు అంతకు చాలా ముందే మొదలవుతుంది. మొదట సైకియాట్రిస్ట్ లేదా సైకాలజిస్ట్ దగ్గర అసెస్‌మెంట్, లెటర్. తర్వాత ఎండోక్రైనాలజిస్ట్ దగ్గర హార్మోన్లు. ఇవి ఒక నెల మందులు కావు, ఏళ్ల తరబడి వాడాలి. మధ్య మధ్యలో లివర్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ లాంటి రక్తపరీక్షలు తప్పవు. ట్రాన్స్ మహిళలకైతే లేజర్ సిట్టింగులు అదనం. ట్రాన్స్ పురుషులకు సర్జరీలు ఒక్కసారిలో అయ్యేవి కావు, దశలవారీగా చేస్తారు కాబట్టి వాళ్ల బిల్లు సాధారణంగా ఇంకా పెద్దది.

నరసన్నపేట నుంచి వెళ్లే వాళ్లకు ఇంకో బిల్లు ఉంటుంది. దాన్ని ఎవరూ రాయరు. హైవే ఎక్కితే శ్రీకాకుళం దగ్గరే, కానీ ఈ స్పెషలిస్టుల కోసం విశాఖ వెళ్లాలి, లేదంటే హైదరాబాద్, చెన్నై. ప్రతి చెకప్‌కీ బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి, గది అద్దె, పోయిన కూలి. సర్జరీ తర్వాత వారాల పాటు పని చేయలేరు. ఆ వారాలకు అన్నం ఎవరు పెడతారు అన్నది కూడా బడ్జెట్‌లో రాసుకోవాల్సిన లైనే.

రూ.5 లక్షల కార్డు: ఉంది, కానీ..

2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కును ఒప్పుకుంది. తర్వాత వచ్చిన 2019 చట్టంలో సెక్షన్ 15 ఉంది. సర్జరీ, హార్మోన్ థెరపీ, లేజర్ థెరపీ ఖర్చులకు ఇన్సూరెన్స్ స్కీమ్ ఉండాలని ఆ సెక్షనే చెబుతోంది. అంటే ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు, చట్టంలో రాసి ఉన్నది.

దాన్ని అమల్లోకి తెచ్చే ప్రయత్నమే స్మైల్ పథకం కింద వచ్చిన 'ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్'. 2022 ఆగస్టు 24న కేంద్ర సామాజిక న్యాయ శాఖ, నేషనల్ హెల్త్ అథారిటీ దీనిపై ఒప్పందం చేసుకున్నాయి. ఏడాదికి ఒక్కొక్కరికి రూ.5 లక్షల వరకు కవర్. మామూలు చికిత్సలతో పాటు జెండర్ సర్జరీ, హార్మోన్లు కూడా ఇందులోకి వస్తాయి. ఇలాంటి ప్రయోజనమే వేరే ప్రభుత్వ పథకంలో పొందుతుంటే మాత్రం ఇది వర్తించదు.

వినడానికి బానే ఉంది. ఇబ్బంది ఏంటంటే, కార్డు ఉంటే సరిపోదు, ఆ కార్డు మీద ఆ ఆపరేషన్ చేసే ఆసుపత్రి కావాలి. ఆసుపత్రి ప్యానెల్‌లో ఉండాలి, ఆ ప్యాకేజీకి అనుమతి ఉండాలి, ముందే అప్రూవల్ రావాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కౌంటర్ దగ్గర 'క్యాష్ కట్టండి' అంటారు. అందుకే బస్సు ఎక్కేముందే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి, ఫలానా సర్జరీ ఏ ఆసుపత్రిలో ప్యానెల్‌పై చేస్తారో అడగండి. ఆసుపత్రికి వెళ్లాక ఆరోగ్యమిత్ర డెస్క్‌లో మళ్లీ అడగండి. ఫోన్‌లో 'ఉంది' అన్న మాటకు, అప్రూవల్ కాగితానికి చాలా తేడా ఉంది.

ఇంకోటి.. ఆయుష్మాన్ సాధారణ నిబంధనల ప్రకారం అడ్మిషన్‌కు ముందు 3 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల ఖర్చులే ప్యాకేజీలో కలుస్తాయి. కోలుకోవడానికి పట్టే మిగతా రోజులు మీ జేబు మీదే.

ముందు సర్టిఫికెట్, తర్వాతే మిగతావి

టీజీ ప్లస్ కావాలంటే నేషనల్ పోర్టల్ నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఇచ్చేది జిల్లా కలెక్టర్. 2020 నిబంధనలు దీనికి 30 రోజుల గడువు పెట్టాయి. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, మొబైల్‌లో కూడా చేయొచ్చు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఏం అడుగుతున్నారో అదే చూసుకోండి, పాత వీడియోలు నమ్మొద్దు. (మా ఛానల్ పాత వీడియోలు కూడా!)

ఇంట్లో తెలియకూడదనుకునే వాళ్లకు ఒక సూచన. ఫోన్ నంబర్, మెయిల్ మీ సొంతవే ఇవ్వండి. ఓటీపీ నాన్న ఫోన్‌కు వెళితే తర్వాత జరిగేది మీకే బాగా తెలుసు.

పింఛన్ నాలుగు వేలు, వడ్డీ ఆరు వేలు

రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ.4,000 పింఛన్ ఉంది. 2024 జులై నుంచి ఈ మొత్తం ఇస్తున్నారు. 18 ఏళ్లు నిండాలి. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో సచివాలయంలో అడగాలి. ఏడాదికి రూ.48,000. సర్జరీకి ఇది చాలదు కానీ నెలవారీ హార్మోన్లు, టెస్టులకు పనికొస్తుంది.

అసలు ప్రమాదం అప్పులో ఉంది. మన దగ్గర చేబదులు రేటు నూటికి మూడు రూపాయలు అనుకుందాం. రూ.2 లక్షలు తీసుకుంటే నెలకు వడ్డీయే రూ.6,000. పింఛన్ మొత్తం కట్టినా ఇంకా రెండు వేలు తక్కువ. అసలు అలాగే ఉంటుంది. నరసన్నపేట అంటేనే బంగారం కొట్లు గుర్తొస్తాయి, తాకట్టు పెడితే వడ్డీ కాస్త తక్కువ పడుతుంది. కానీ ఇంట్లోంచి కట్టుబట్టలతో బయటికొచ్చిన మనిషి దగ్గర తాకట్టుకు బంగారం ఎక్కడుంటుంది?

అందుకే చాలామంది గురువు దగ్గరికి వెళ్తారు. హిజ్రా సముదాయంలో గురువు ఆశ్రయం ఇవ్వడం, సర్జరీకి డబ్బు పెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఇల్లు వదిలేసిన వాళ్లకు అదే పెద్ద దిక్కు. దాన్ని తప్పుపట్టే హక్కు, వాళ్లను బయటికి గెంటేసిన మనకు లేదు. కాకపోతే తీసుకునే ముందు ఎంత తీసుకున్నారు, ఎంత తిరిగివ్వాలి, ఎన్నాళ్లలో అనేది ఒక కాగితం మీద రాసుకోండి. నోటి లెక్కల అప్పు ఏళ్లకు ఏళ్లు తీరదు.

ఉద్యోగం ఉంటే హెచ్‌ఆర్‌ను అడగండి

విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే సిక్కోలు కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. కొన్ని పెద్ద కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో జెండర్ సర్జరీ కవర్ ఉంటుంది. పేరు చెప్పి అడగడం ఇష్టం లేకపోతే పూర్తి పాలసీ డాక్యుమెంట్ పంపమనండి. మినహాయింపుల పేజీలో ఇది ఉందో లేదో మీరే చదువుకోవచ్చు.

మిలాప్, కెటో లాంటి వాటిలో విరాళాలు అడిగే దారి కూడా ఉంది. కానీ లింక్ షేర్ అయిందంటే మీ ఫొటో, పాత పేరు, ఊరు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఊరికి ఇంకా చెప్పని వాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఇక ప్రభుత్వ ఆసుపత్రులు. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా సర్జరీలు చేయిస్తోంది. మన వైపు విశాఖ కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. కనీసం హార్మోన్ల సలహా, రక్తపరీక్షలు అక్కడ మొదలుపెడితే ప్రైవేటు ఫీజులు చాలావరకు తప్పుతాయి. మెడికల్ షాపులో ఎవరో చెప్పిన హార్మోన్ ట్యాబ్లెట్లు సొంతంగా మింగడం మాత్రం వద్దు. రక్తం గడ్డకట్టి ఐసీయూలో పడితే ఆ బిల్లు సర్జరీ బిల్లును మించిపోతుంది.

సర్జరీ అయ్యాక డిశ్చార్జ్ సమ్మరీ, ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇచ్చే సర్టిఫికెట్ పారేయకండి. 2019 చట్టం సెక్షన్ 7 ప్రకారం పురుషుడిగానో స్త్రీగానో మార్చిన సర్టిఫికెట్‌కు కలెక్టర్ దగ్గర దరఖాస్తు చేయాలంటే చూపించాల్సింది అదే. ఒరిజినల్ మీ దగ్గర, జిరాక్స్ నమ్మకమైన స్నేహితుల దగ్గర, ఫొటో తీసి మెయిల్‌లో ఒకటి ఉంచుకోండి.