మొక్కకీ మితాహారమే మేలు

పిల్లాడు బక్కచిక్కాడనిపిస్తే ఇంకో ముద్ద కుక్కేదాకా అమ్మలకి మనసు ఊరుకోదు. మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే చాలామందిదీ అదే ధోరణి. ఆకు కాస్త పాలిపోతే చాలు, ఇంకో మూత పోషక ద్రావణం పోసేస్తారు.

ఇంతకీ మొక్కకి కావలసింది ఎంత? 1938లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హోగ్లాండ్, ఆర్నన్ నీటి సేద్యానికో ద్రావణం చెప్పారు. అందులో లీటరుకి నత్రజని 210 మిల్లీగ్రాములు, పొటాషియం 235, భాస్వరం 31. మూడూ కలిపినా అర గ్రాము లోపే! ఆకుకూరలకి ఇందులో సగం బలం చాలు. లేత నారుకైతే పావు వంతే. కాపు మీదున్న టమాటాకే పూర్తి బలం కావాలి.

మా పక్కింటి పిన్నిగారి పాలకూరకి ఆకుల అంచులు మాడాయి. "ఆకలేస్తోందేమోనే, మందు రెట్టింపు చేశాను" అన్నారావిడ. "పిన్నిగారూ, ఆవకాయలో ఉప్పు మామిడి ముక్కలోని నీరంతా లాగేయదూ? చిక్కటి ద్రావణంలో వేళ్ల పరిస్థితీ అంతే" అన్నాను. తొట్టెలో సగం ద్రావణం తీసేసి మంచినీళ్లు పోయించాను. మాడిన ఆకులు బాగుపడలేదు గానీ, కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి.

ఎండాకాలంలో మొక్క తినేదానికన్నా తాగేది ఎక్కువ. నీటిమట్టం తగ్గినప్పుడల్లా ద్రావణం పోస్తే లవణాలు పేరుకుంటాయి. ఉత్త నీళ్లు పోయండి చాలు. రెండు వారాలకోసారి మొత్తం మార్చేయండి.

మనకి చాలాచోట్ల బోరునీళ్లే గతి. వాటిలో లవణాలు ముందే ఉంటాయి. అందుకే ఇ.సి. మీటరుతో మొదట ఉత్త నీటిని కొలవండి. మందు కలిపాక ఆకుకూరలకి 1.2 నుంచి 1.8 చూపిస్తే సరిపోతుంది.

ఆకు పసుపెక్కగానే ఆకలనుకోకండి. నీటి పి.హెచ్. 5.5, 6.5 మధ్య ఉందో లేదో చూడండి. అది పెరిగిపోతే ద్రావణంలో ఇనుము ఉన్నా వేరుకి అందదు.

డబ్బు దండగ సంగతి అలా ఉంచండి. నత్రజని ఎక్కువై, వెలుతురు తక్కువైతే పాలకూరలాంటి ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుంది. ఆ పప్పుకూర కలుపుకుని తినేది మన పిల్లలే కదా! మందు సీసా మూత తీసేముందు ఆ మాట ఒక్కసారి తలుచుకుంటే చాలు.