మాతృక మారినప్పుడు పుత్రిక: సోపానక్రమ దస్త్రములు, వాని నికటప్రతులు

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి మాతృక, పుత్రిక అను మాటలు నిత్యపరిచితములు. దేనిని చూచి వ్రాయుదుమో అది మాతృక. చూచి వ్రాసినది పుత్రిక. కంప్యూటరు శాస్త్రమునందు 'కాష్' అని వ్యవహరింపబడు పద్ధతియు ఈ సంబంధమునే ఆశ్రయించి యున్నది. దూరమునందలి సర్వరులో ఉన్న దస్త్రమునకు ఒక ప్రతిని పని జరుగు చోటనే ఉంచుకొని, మరల మరల దూరము పోకుండుటయే కాష్. అయితే రెంటికిని ఒక ముఖ్యభేదము కలదు. తాళపత్రము విషయమున దోషము పుత్రికయందు పుట్టును. లేఖకుడు తప్పు వ్రాసినప్పుడే పుట్టును. కాష్ విషయమున దోషము మాతృక మారుటవలన పుట్టును. ఒక్క అక్షరమైనను తప్పకుండ వ్రాసిన పుత్రికయు మరునాటికి అబద్ధము కావచ్చును. ఆ మార్పును, అందును సోపానక్రమమున అమర్చిన దస్త్రములలో పై మెట్టున జరుగు మార్పును, ఈ వ్యాసమున పరిశీలించుచున్నాను. దృష్టాంతముగా కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల భూమి లెక్కలను గ్రహించితిని.

దృష్టాంతము యాదృచ్ఛికము కాదు. దస్త్రము అను మాటయే అట్టి లెక్కలతో మనకు వచ్చినది. పారసీక 'దఫ్తరు' తెలుగున దఫ్తరము, దస్తరము, దస్త్రము అను రూపములను పొందినది. హైదరాబాదు సంస్థానమున 1865లో మొదటి సాలార్ జంగు జిల్లాబందీ చేసిన పిదప, గ్రామము తాలూకాలోను, తాలూకా జిల్లాలోను ఇమిడిన సోపానక్రమము స్థిరపడెను. గ్రామమున సర్వే నంబరు, అది పంపకమునకు వచ్చినచో అ, ఆ, ఇ అను భాగములు. తొలి కొలతనాటి సేత్వారు ప్రభుత్వముకడ ఉండెడిది. ఏటేట వ్రాయు పహాణీ పట్వారీ ఇంట గుడ్డమూటలో ఉండెడిది. లక్సెట్టిపేట తాలూకాలోని రైతు తన చేని విస్తీర్ణము తెలిసికొనుటకు రాజధానికి పోవలసిన పని లేదు. పట్వారీ మూట విప్పిన చాలును.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. పహాణీ గ్రామముననే పుట్టి పైకి పోవునది కదా, దానిని పుత్రిక యనుట ఎట్లు? సాగు ఎవరు చేసిరి, ఏ పంట వేసిరి అను సంగతులు మొదట గ్రామముననే వ్రాయబడుట నిజము. కంప్యూటరులోను ఇట్లే జరుగును. వాడుకరి తన యొద్దనున్న ప్రతిలోనే దిద్దుబాటు చేయును. దస్త్రమును మూసినప్పుడు ఆ దిద్దుబాటు సర్వరునకు పోవును. ఆ నడిమి కాలమున రెండు ప్రతులు వేరువేరుగా నుండును. పట్వారీ లెక్కకును తహసీలు లెక్కకును గల ఈ ఎడమును ఏటేట జమాబందీలో సరిచూచెడివారు. అనగా ఎడము ఎక్కువలో ఎక్కువ ఒక సంవత్సరము. కంప్యూటరునకు ఒక సెకండు సైతము దీర్ఘకాలమే.

ఇక వేగము సంగతి. సోపానక్రమమున ఒక దస్త్రమును పేరుతో పిలిచినప్పుడు యంత్రము దానిని ఒక్క అడుగున చేరదు. రాష్ట్రము అను ఫోల్డరు తెరచి అందు జిల్లా ఎచట నున్నదో చూడవలెను. జిల్లాలో మండలమును, మండలములో గ్రామమును, గ్రామములో సర్వే నంబరును వెదకవలెను. అయిదారు మెట్లున్నచో దూరమునకు అయిదారు ప్రశ్నలు పోవలెను. ఒక్కొక్క ప్రశ్నకు పట్టు కాలము స్వల్పమే యైనను, వేలకొలది జనులు ఒకేసారి అడుగునప్పుడు సర్వరు మ్రోయలేదు. గమనింపదగినదేమనగా, క్రింది మెట్టుననున్న సర్వే నంబరు కొఱకు ఏటికి ఒకరో ఇద్దరో అడుగుదురు. పై మెట్టుననున్న జిల్లా ఫోల్డరు ప్రతి ప్రశ్నకును తెరువబడును. అది మారుటయు మిక్కిలి అరుదు. తరచుగా చదువబడి అరుదుగా మారునదే కాష్‌లో ఉంచుటకు యోగ్యము గనుక, పై మెట్లను దగ్గర ఉంచుకొనుటయే అధికలాభము.

అయితే దగ్గరనున్న ప్రతి ఇంకను సత్యమే యని తెలియుట ఎట్లు? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము ఐ.బి.ఎం. సంస్థతో కలిసి 1980 దశకపు తొలినాళ్లలో నిర్మించిన ఆండ్రూ వ్యవస్థ చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని పాఠము. దాని తొలి రూపమున వాడుకరి యంత్రము దస్త్రమును పూర్తిగా తన డిస్కునకు తెచ్చుకొనెడిది, కాని తెరచిన ప్రతిసారియు "నా ప్రతి ఇంకను చెల్లునా?" అని సర్వరును అడిగెడిది. 1988లో ప్రకటించిన లెక్కలనుబట్టి, సర్వరునకు వచ్చిన పిలుపులలో సుమారు 62 శాతము ఈ ఒక్క ప్రశ్నయే. దస్త్రమును నిజముగా తెచ్చుకొనుటకు వచ్చినవి 4 శాతము మాత్రమే. రైతు ప్రతిదినము తహసీలునకు పోయి "నా పేరు ఇంకను ఉన్నదా" అని అడిగి వచ్చుటవంటిది ఇది. సమాధానము దాదాపు ఎల్లప్పుడును "ఉన్నది" అనియే. త్రోవఖర్చు మాత్రము తప్పదు.

రెండవ రూపమున భారము తిరుగబడెను. సర్వరు ప్రతి నిచ్చునప్పుడు "ఇది మారినచో నేనే కబురు చేయుదును" అని మాట ఇచ్చును. కబురు రానంతవఱకు ప్రతి చెల్లును. ప్రశ్నల మోత ఒక్కసారిగా తగ్గెను. దీనికి మూల్యము లేకపోలేదు: ఎవరెవరికి మాట ఇచ్చెనో సర్వరు జ్ఞాపకముంచుకొనవలెను, సర్వరు కూలి మరల లేచినచో ఆ జ్ఞాపకము పోవును, వాడుకరికి త్రోవ తెగినచో కబురు చేరదు. ఈ చిక్కునకు 1989లో గ్రే, చెరిటన్ అనువారు ఒక ఉపాయము చెప్పిరి. మాటకు గడువు పెట్టుటయే ఆ ఉపాయము. గడువు తీరినపిదప ప్రతి తనంతట తాను చెల్లకపోవును. వారు దీనికి పెట్టిన పేరునకు తెలుగు కౌలు. పొలమునకు చెప్పు మాటయే ఇచటను అతికినట్లున్నది. గడువులోపల అనుభవము నిశ్చింతము, గడువు దాటిన పిదప మరల అడుగవలసినదే.

పై మెట్టు అరుదుగా మారునంటిమి. అరుదుగా మారునది మారిననాడు ఏమగును? ఉత్తర తెలంగాణమున ఇది పలుమార్లు జరిగినది. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగరు జిల్లా యయ్యెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన సందర్భమున ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజూరా తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ రద్దయ్యెను. 1985లో తాలూకా అను మెట్టు తొలగి మండలము వచ్చెను. 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలయ్యెను. అదేనాడు ధర్మపురి జగిత్యాల జిల్లాలోను, మంథని పెద్దపల్లి జిల్లాలోను, వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరెను. హుస్నాబాదు సిద్దిపేట జిల్లాకు పోయెను.

ఆ దినమున ఏ చేనును కదలలేదు. ఏ గట్టును జరుగలేదు. అయినను "ఆదిలాబాదు, లక్సెట్టిపేట, ఫలాని గ్రామము, ఫలాని నంబరు" అను మార్గనామముతో దాచుకొన్న ప్రతి పుత్రికయు ఒక్కసారిగా పాతబడెను. ఒక్క పై మెట్టు పేరు మారినందున క్రిందనున్న లక్షలాది దస్త్రముల చిరునామాలు తప్పెను. మార్గనామమును ఆధారముగా చేసికొని ప్రతులను దాచు పద్ధతిలోని ప్రమాదమిదియే.

ఆండ్రూ రెండవ రూపమున దీనికిని పరిష్కారము కలదు, నా దృష్టిలో దాని యందలి ఉత్తమమైన భాగమిదియే. అందు దస్త్రమునకు పేరు వేరు, గుర్తుసంఖ్య వేరు. గుర్తుసంఖ్యలో మూడు భాగములు: దస్త్రము ఏ సముదాయమునకు చెందినదో తెలుపునది మొదటిది, ఆ సముదాయమున దాని స్థానము రెండవది, ఒక స్థానము ఖాళీయై మరల మరొకదానికి ఇయ్యబడినచో పాతదానిని క్రొత్తదానినుండి వేరుచేయునది మూడవది. మన పరిభాషలో గ్రామము, సర్వే నంబరు, పట్టామార్పిడి వరుస అనవచ్చును. సముదాయము ఏ సర్వరులో నున్నదను సంగతి ఈ సంఖ్యలో లేదు. కావున సముదాయమును మొత్తముగా ఒక సర్వరునుండి మరొకదానికి తరలించినను ప్రతుల గుర్తు చెడదు. సర్వరు పేరు కేవలము ఆచూకీ. ఆచూకీ తప్పైనచో "ఇచట లేదు" అని సమాధానము వచ్చును, మరొకచోట విచారింపవలెను. ఆలస్యమగునే కాని అబద్ధము కలుగదు. జిల్లా పేరును ఆచూకీగా గ్రహించుటకును, గుర్తులో భాగముగా గ్రహించుటకును ఇంత భేదము కలదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి స్థానిక ప్రభుత్వ సూచిక గ్రామమునకు ప్రత్యేక సంకేతసంఖ్య నిచ్చుటలోని ఉపయోగమును ఈ వెలుగున చూడవలెను.

మాతృక ఒక్కటే యున్నప్పటి మాట ఇది. మాతృకలు రెండైనచో? కెరమెరి మండలమునకును మహారాష్ట్రలోని జివతి తాలూకాకును సరిహద్దున గల పరందోలి, ముకదంగూడ మొదలగు గ్రామములను రెండు రాష్ట్రములును తమవనును. అచట పలువురకు ఇరుప్రభుత్వముల రేషను కార్డులును, ఓటరు కార్డులును ఉన్నవి. ఇట్టిచోట కాష్ విద్య నిరుపయోగము. ఏ ప్రతి క్రొత్తది అని అడుగవచ్చును గాని ఏ ప్రతి సత్యమని యంత్రమును అడుగరాదు. ఆండ్రూ తరువాత అదే విశ్వవిద్యాలయమున వచ్చిన కోడా వ్యవస్థ, త్రోవ తెగినప్పుడును దగ్గరి ప్రతితోనే పని సాగించి పిదప కలుపుకొనుటకు వీలు కల్పించెను. ఇరువురు ఒకే దస్త్రమును రెండు విధముల దిద్దినచో మాత్రము, యంత్రము తానై కలుపలేనిచోట, తీర్పును మనుష్యునకు విడిచెను. ఇది లోపము కాదు, వివేకము.

ఇంకొక సూక్ష్మము కలదు. కాష్‌లో ఉన్నదానినే కాక, లేదను సమాధానమును కూడ దాచుకొనవచ్చును. ఇంటర్నెట్ పేర్ల సోపానక్రమమును 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించెను. అందు "అట్టి పేరు లేదు" అను సమాధానమునకు గడువును లెక్కించు నియమములు 1998లో స్పష్టపరుపబడెను. 'ఉన్నది' అను పాత సమాధానముకంటె 'లేదు' అను పాత సమాధానము ఎక్కువ హాని చేయును. ఉన్నదనుకొని పోయినవాడు తప్పును అచటికి పోయి కనుగొనును. లేదని విన్నవాడు వెనుదిరిగి పోవును. 2018 మే 10న హుజూరాబాదు సమీపమున శాలపల్లి-ఇందిరానగరులో ప్రారంభింపబడిన రైతుబంధు పథకమున ఒక పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయలు పట్టాదారునకు ఇచ్చిరి. లెక్కలో పేరున్నవానికే ఆ ధనము. తండ్రి చనిపోయి పట్టామార్పిడి జరిగినను, పాత ప్రతి "ఈ పేరు లేదు" అని పలికినచో కుమారునకు ఆ పంటకాలపు పెట్టుబడి పోయినట్లే. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిలులో భూభారతి వచ్చి మాతృకను ఒక్కచోట చేర్చుటకు యత్నించినవి. కాని మాతృక ఒక్కచోటికి చేరిననాడు దానికి పుత్రికల అవసరము తగ్గదు, పెరుగును.

మన శాఖల పరిశోధకులకు ఈ విషయము దూరమైనది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములది, 1962లో వెలువడెను. ఆదిలాబాదు అనినచో నాటికి పెన్‌గంగనుండి గోదావరివఱకు గల ప్రాంతమంతయు. నేటి విద్యార్థి ఆదిలాబాదు అని శీర్షిక పెట్టి చెన్నూరులో వినిన పదమును నమోదు చేసినచో, నేటి జిల్లాను బట్టి అది తప్పు. మంచిర్యాల అని నమోదు చేసి పాత సామగ్రితో పోల్చినచో పోలిక కుదరదు. నాగలి భాగముల పేర్లను కంప్యూటరునకు ఎక్కించువారు ప్రతి పదమునకును గ్రామము పేరును, దాని సంకేతసంఖ్యను, సేకరించిన తేదిని వ్రాసి, జిల్లాను వేరొక గడిలో ఉంచవలెను. ఆ గడిని ఎన్నిమార్లు దిద్దినను పదము చెదరదు.