నీలిరంగు కట్టించిన మేడ

దక్షిణ ఫ్రాన్సులో గరోన్ నది ఒడ్డున తులూజ్ నగరమున్నది. సమీపంలో రాతిగనులు లేనందున అక్కడివారు తరతరాలుగా ఎర్రని ఇటుకతోనే ఇండ్లు కట్టుకున్నారు. ఆ పాత నగరంలో చూడదగిన మేడలలో మేటి ‘ఓటెల్ దాసేజా’. ఫ్రెంచి భాషలో ‘ఓటెల్’ అంటే పూటకూళ్ల యిల్లు మాత్రమే కాదు. సంపన్నుల పట్టణ గృహానికి కూడ అదే పేరు.

ఈ గృహాన్ని కట్టించిన పియేర్ దాసేజా గొప్ప వర్తకుడు, నగర పాలకులలో ఒకడు. అతని సరకు పాస్టెల్ అనే మొక్క నుండి తీసే నీలిరంగు. దాని ఆకులను నూరి, ఉండలు చేసి, ఎండబెట్టి, పులియబెట్టి రంగు సిద్ధం చేసేవారు. ఐరోపా అద్దకపువారు ఆ రంగును కొని తులూజ్ వర్తకులను కుబేరులను చేసినారు.

1555లో శిల్పి నికోలా బషెలియే ఈ మేడకు పని ప్రారంభించినాడు. అతని అనంతరం కుమారుడు దొమినిక్ కొనసాగించినాడు. లోపలి ముంగిట నిలిచి చూచిన, మూడంతస్తులలో జంటస్తంభాలు బారులు తీరి కనిపిస్తాయి. క్రింద డోరిక్, నడుమ అయోనిక్, పైన కొరింథియన్: ప్రాచీన గ్రీకు, రోమను వాస్తురీతులు ఒకదానిపై నొకటి అమరినవి. ఎర్రని ఇటుక నడుమ తెల్లని రాయి పొదిగినారు. రాయి కరువైన ఊరిలో అది ఐశ్వర్యానికే గుర్తు.

కాని సంపద నిలువలేదు. 1562లో తులూజ్‌లో మతకలహం చెలరేగినది. ప్రొటెస్టంటు మతస్థుడైన దాసేజా నగరం విడువవలసి వచ్చినది. తరువాత కాథలిక్ మతం స్వీకరించి తిరిగి వచ్చినా, 1581లో మరణించేనాటికి మేడ పూర్తి కానేలేదు. నేటికీ ముంగిటి ఒక ప్రక్క ఉన్నది వట్టి గోడ, దాని నానుకొన్న వసారా మాత్రమే.

ఇంతలో సముద్రమార్గాన భారతదేశపు నీలిమందు ఐరోపాకు చేరినది. రంగునిచ్చే శక్తిలో పాస్టెల్ దానికి సాటి రాదు. 1609లో నాల్గవ హెన్రీ రాజు నీలిమందును నిషేధించినా ప్రవాహం ఆగలేదు. మన పొలాల నీలి, తులూజ్ పొలాల నీలిని వెలవెలబోజేసినది.

వర్తకం పోయినా మేడ మిగిలినది. 1895లో తెయోదోర్ ఓజెన్ అనే బ్యాంకరు విద్వత్సభల నిమిత్తం దానిని వీలునామా ద్వారా నగరానికి ఒసగినాడు. చారిత్రక కట్టడాల రక్షణకు 1913 డిసెంబరులో ఫ్రాన్సు చట్టం చేసినది. మరుసటి యేడే ఈ మేడ ఆ పట్టికలో చేరినది. ప్రభుత్వానుమతి లేనిదే అందులో ఏ మార్పూ చేయరాదు.

చట్టం గోడలను కాపాడగలదు. ప్రాణం పోయవలసినది మనుష్యులే. 1323లో ఏడుగురు కవులు స్థాపించిన ‘పుష్పక్రీడల అకాడమీ’కి నేడు ఇదే నిలయం. ఉత్తమ కవులకు బంగారు, వెండి పూలు బహూకరించడం దాని సంప్రదాయం. పదునేడేండ్ల ప్రాయంలో విక్టర్ హ్యూగో 1819లో ఆ సన్మానం పొందినాడు. 1990 దశకం నుండి ఇక్కడ చిత్రకళా ప్రదర్శనశాల కూడ నడుస్తున్నది.

రంగు నమ్ముకొన్న ధనికుడు తన యింటిని ముగించలేకపోయినాడు. మాట నమ్ముకొన్న కవులు, చిత్రాలు చూడవచ్చే విద్యార్థులు ఆ యింటిని నేటికీ సజీవంగా నిలుపుతున్నారు.