జర్నీయు మజిలీయు

చార్మినారునుండి దక్షిణముగా శాలిబండకు నడచిపోవువారికి ప్రయాణమను నొక్క విషయమే మూడు మాటలలో వినబడును. గడియార స్తంభముకడ నిలిచిన ముదుసలి ‘సఫర్’ అనును. లాల్‌దర్వాజనుండి వచ్చిన ఇల్లాలు ‘ప్రయాణ’మనును. ఆమె కుమారుడు ‘జర్నీ’ యనును. ముగ్గురి మాటలును ముగ్గురికిని తెలియును. కాని కడపటిదియే గౌరవమైనదని బాలుని తలంపు. ఆ గౌరవ మెంతటిదో విచారింతము.

లాటినున ‘దియెస్’ అనగా దినము. ఆ మూలమునుండియే ఫ్రెంచివారి ‘జూర్నే’ పుట్టినది. ఒక దినము, ఒక దినపు పని, ఒక దినమున నడువదగిన దూరము అని దానికర్థములు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వారి ఫ్రెంచి యచట వ్యాపింపగా ఈ మాటయు నా దేశము చేరెను. కాలక్రమమున దినము మరుగుపడి దూరమే మిగిలినది. నేడు గంటలో ముగియు విమానయానమును జర్నీయే! దీని చుట్టములు కొందరు మన యెరుకలోనివారే. ‘జర్నల్’ దినచర్య, దినపత్రికకును ఆ పేరు కలదు గనుక మాకును కొంత బంధుత్వమున్నది. ‘జర్నీమన్’ బాటసారి కాడు, దినకూలికి పనిచేయు చేతిపనివాడు. ‘అడ్జర్న్’ అనగా మరియొక దినమునకు త్రోయుట. భూమి తగాదాలతో కోర్టుల కెక్కిన చదువరులకు దీని రుచి మేము చెప్పనక్కరలేదు.

‘ట్రావెల్’ పుట్టుక మరింత కఠినము. మూడు కొయ్యలతో కూర్చిన హింసాయంత్రమునకు లాటినున ‘త్రిపాలియుమ్’ అని పేరు. అందుండి ఫ్రెంచిలో యాతనయు, శ్రమయు నను నర్థముగల మాట పుట్టి, ఇంగ్లీషున ప్రయాణమైనది. ఆ కాలపు బాటలలో బురదయు దొంగలును మెండు గనుక ఆ యర్థము కుదురుకొన్నది కాబోలు.

ఇక మన ‘మజిలీ’. ఇది అరబ్బీ ‘మంజిల్’. వాహనము దిగు చోటని మూలార్థము. ఒక దినపు నడక ముగిసి దిగు తావే మజిలీ. జర్నీ తొలి యర్థమున కింతకంటె దగ్గరి మాట మనకు లేదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టున దుబాసీయైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశికి బయలుదేరి, హైదరాబాదుమీదుగా పోయి, దిగిన యూళ్ల వివరములన్నియు వ్రాసిపెట్టెను. మధిర సుబ్బన్న దీక్షితులు తన కథలకు ‘కాశీమజిలీ’ లని పేరుంచగా తెలుగు ఇల్లాండ్రు దానిని పరభాష యనుకొనలేదు.

పరభాషాపదములను వెడలగొట్టవలెనని వాదించు మిత్రులతో మేము ఏకీభవింపము. తెలుగునకు నిజాము రాజ్యమున జరిగిన యన్యాయము నిజము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధ ఉర్దూలో సాగెను. 1921లో హైదరాబాదు సభయొకదానిలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. ఆ దోషము కచ్చేరీలది, సభాసదులది, ‘మజిలీ’ది గాదు. బడిలో తెలుగు లేకుండుట వేరు, బాటలో నొక మాటను చేర్చుకొనుట వేరు. నేటి ముప్పు మజిలీవలన గాదు, ‘ప్రయాణ’మని పలుకుటకు సిగ్గుపడు బాలునివలన.

ఆ బాలునకు మరియొక మాట. ముదుసలి ‘సఫర్’కు మూలమైన అరబ్బీ పదమే తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ చేరి ‘సఫారీ’యై, అందుండి ఇంగ్లీషున ప్రవేశించినది. ఒకప్పుడు పెండ్లికి సఫారీ కుట్టించుకొనని యుద్యోగి మన పట్టణములలో అరుదు.